అమెరికా పేజీలు దాటేయొచ్చా?

పోయిన నెల ఈ శీర్షికలో మీకో పని అప్పజెప్పాను. డిటెక్టివ్ సీరీస్ చదివేవాళ్లలో చాలామంది కదిలే బస్సు ఎక్కినట్టు మధ్యలో ఎక్కడో ఎక్కుతారు, ఏ పుస్తకం చేతికి దొరికితే అది. ఈసారి అలా కాకుండా షెర్లాక్ హోమ్స్ మొట్టమొదటి నవల ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ చదివి, నచ్చిందో లేదో, మొదటిది మొదటే చదవాలో అక్కర్లేదో, మొహమాటం లేకుండా రాయమన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. ‘రెండో భాగంలో అమెరికా అధ్యాయాలు అయిదూ దాటేసినా పెద్ద నష్టం లేదు’ అని ఓ సలహా కూడా పడేశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ ఒక్క వాక్యం మీదే. శ్రీకాకుళం వాళ్లు తిట్టినంత గట్టిగా విజయనగరం వాళ్లు తిట్టలేదు, సొంత ఊరివాణ్ణని వదిలేసి ఉంటారు.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. అఫ్గాన్ యుద్ధంలో దెబ్బతిని లండన్ చేరిన డాక్టర్ వాట్సన్, అద్దె కలిసొస్తుందని హోమ్స్ అనే వింత మనిషితో ఒకే ఇంట్లో దిగుతాడు. ఊళ్లో ఓ ఖాళీ ఇంట్లో డ్రెబ్బర్ అనే అమెరికా వాడి శవం దొరుకుతుంది, ఒంటి మీద గాయం లేదు, గోడ మీద మాత్రం రక్తంతో జర్మన్ మాట ఒకటి, అర్థం ‘పగ’. తర్వాత అతని సెక్రటరీ స్టాంగర్సన్‌ని హోటల్ గదిలో పొడిచేస్తారు. చంపింది గుర్రబ్బండి తోలే జెఫర్సన్ హోప్. హంతకుడి పేరు చెప్పేశానని మళ్లీ ఉత్తరాలు రాయకండి, పుస్తకం 1887లో వచ్చింది, ఇంకా ఎన్నాళ్లు దాచమంటారు.

మాస్టారూ, నేను ఉద్యోగానికి రోజూ రైల్లో తిరిగే మనిషిని. సోమవారం నెల్లిమర్ల దగ్గర ఫోన్‌లో ఈ నవల మొదలుపెట్టాను. మంగళవారం చీపురుపల్లి వచ్చేసరికి శవం దొరికింది. గురువారం పొందూరు దగ్గర హంతకుడికి బేడీలు పడ్డాయి. శుక్రవారం తెరిస్తే ఏముంది, ఎడారి! లండన్ లేదు, హోమ్స్ లేడు, వాట్సన్ లేడు. వేరే పుస్తకం డౌన్‌లోడ్ అయిపోయిందేమోనని ఫోన్ వెనక్కీ ముందుకీ రెండుసార్లు తిప్పి చూసుకున్నాను. ఏటండీ ఇది? — ఒక ఉద్యోగి, ఆమదాలవలస

మీ స్టేషన్లో దిగి, బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని చూసి, శ్రీకాకుళం ఎక్కడా అని దిక్కులు చూసే కొత్తవాళ్ల కంగారు లాంటిదే ఇదీ. పుస్తకం మారలేదు, రాసినాయనే ట్రాక్ మార్చాడు. మొత్తం 14 అధ్యాయాలు, ఏడు చొప్పున రెండు భాగాలు. రెండో భాగంలో మొదటి అయిదూ అమెరికా, చివరి రెండిట్లో మళ్లీ లండన్. ఇది కోనన్ డాయిల్ సొంత తెలివేమీ కాదు. ఆయనకంటే ముందు ఫ్రాన్స్‌లో గాబోరియో అనే ఆయన లెకాక్ అనే డిటెక్టివ్‌ని పెట్టి నవలలు రాశాడు, వాటిల్లోనూ ముందు పరిశోధన, తర్వాత పాత పగల కథ విడిగా. డాయిల్ ఆ అచ్చు తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే ఇదే నవల్లో హోమ్స్ చేత ఆ లెకాక్ ఉత్త చేతకానివాడు అనిపించాడు కూడా. అప్పు తెచ్చిన ఇంటి వాళ్లనే తిట్టడం అన్నమాట.

అయినా మనకి ఇది కొత్తా? ఇంటర్వెల్ వరకూ హీరో ఎవరో ఎందుకలా ఉంటాడో తెలీదు, ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ పడుతుంది, అందులో ఇంకో ఊరు, ఇంకో కాలం, ఓ అమ్మాయి, ఓ అన్యాయం. అరవై రూపాయల టికెట్టు కొన్న దగ్గర్నించి అయిదొందల టికెట్టు వరకూ చూసొచ్చాం. తేడా ఒక్కటే, మన సినిమాలో ఫ్లాష్‌బ్యాక్‌కి ముందు ముసలాయన ఎవరో కళ్లు తుడుచుకుని ‘అది ఇరవై ఏళ్ల కిందటి మాట’ అంటాడు, మనం సర్దుకుని కూర్చుంటాం. ఇక్కడ ఆ ముసలాయన లేడు. మొదటి భాగం వాట్సన్ జ్ఞాపకాలని పైన రాసిపెట్టి ఉంది, మరి అమెరికా కథ ఎవరు చెబుతున్నారో ఎక్కడా లేదు. మీరు ఫోన్ తిప్పి చూసుకోవడంలో మీ తప్పేం లేదు.

మాస్టారు గారూ, నేను హోమ్స్ కథలు ముందే చదివాను, ఇది ఇప్పుడే చదవడం. ఇందులో హోమ్స్ నాకు తెలిసిన మనిషిలా లేడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని కూడా తెలీదట! మా ఆరో తరగతి గుంటలు నవ్విపోతారు. మొదటి నవల ఇలా ఉంటే దీన్ని మొదట ఎలా చదవమంటాం? — ఒక ఉపాధ్యాయిని, రాజాం

మీ పిల్లలకి చెప్పకండమ్మా, తెలీకపోయినా పర్లేదని హోమ్స్ చెప్పే కారణం విన్నారంటే మీ సైన్స్ క్లాసు ఖాళీ అయిపోతుంది. బుర్ర చిన్న అటక లాంటిది, పనికిరాని సామాను పెడితే పనికొచ్చేది దొరకదు అంటాడాయన. చెబితే తెలుసుకున్నాను, ఇక మర్చిపోవడానికి ప్రయత్నిస్తాను అని కూడా అంటాడు.

మీరన్నది నిజమే, వేరే మనిషే. వాట్సన్ ఒక జాబితా వేస్తాడు కదా, సాహిత్యం సున్నా, తత్వశాస్త్రం సున్నా, ఖగోళం సున్నా, కెమిస్ట్రీ మాత్రం ఘనం, జరిగిన ఘోరాల గురించి అపారం అని. రెండో నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ 1890లో వచ్చేసరికి ఆ సున్నా మనిషే జర్మన్ కవి గోథేని వల్లిస్తాడు. తర్వాత ఒక కథలో సూర్యుడి దారి వంపు గురించి కబుర్లు చెబుతాడు. వాట్సన్ సంగతి ఇంకా అన్యాయం. మొదటి నవల్లో 1880 జులై నాటి మైవాండ్ యుద్ధంలో గుండు భుజానికి తగిలింది. రెండో నవల్లో నొప్పి కాలికి దిగిపోయింది. మన సీరియళ్లలో అత్తగారి పాత్రకి మనిషి మారిపోయి ‘ఇకపై ఈమే’ అని వేసినట్టు వేస్తే సరిపోయేది.

నా ఉద్దేశం ఏమిటంటే, మొదటి నవల రాసేటప్పుడు డాయిల్‌కి హోమ్స్ ఇంకా పరిచయం లేడు. పేరు కూడా ముందు షెర్లాక్ కాదు, షెరిన్‌ఫోర్డ్ అనుకున్నాడు, వాట్సన్‌కి ఆర్మండ్ సాకర్ అని పెట్టుకున్నాడు. కొత్తగా పెళ్లయిన వాళ్లు ఒకరినొకరు చూసుకున్నట్టు పక్కనుంచి చూస్తున్నాడు, ఇతనికేం ఇష్టం, ఏం తెలుసు, ఎక్కడ కోపమొస్తుంది అని. నాకైతే ఆ తడబాటే బాగుంటుంది. అందుకే కొత్తవాళ్లకి ముందు ‘స్ట్రాండ్’ పత్రికలో 1891 జులై నుంచి వచ్చిన చిన్న కథలు చదవమంటాను, మనిషి కాస్త అలవాటయ్యాక వెనక్కొచ్చి ఈ నవల చదివితే పాత పెళ్లి ఆల్బమ్ చూసినట్టుంటుంది. మీరు తెలీకుండానే సరైన వరసలో చదివారు.

సార్, గోడ మీద రక్తంతో వేలితో రాశాడు అన్నారు. మరి వేలిముద్రలు తీస్తే పని అయిపోయేది కదా? అంత పెద్ద డిటెక్టివ్‌కి ఆ మాత్రం తట్టలేదా? — డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట

భలే అడిగావు బాబూ. హోమ్స్ ఆ గోడ ముందు భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూస్తాడు, రాసినవాడికి కుడిచేతి చూపుడువేలి గోరు పెరిగి ఉందని, గోడ గీసుకుందని కూడా పట్టేస్తాడు. గోరు దాకా వచ్చినవాడు ముద్ర దగ్గర ఆగిపోయాడు. ఎందుకంటే 1887కి ఆ విద్య పోలీసుల చేతికి రాలేదు. హెన్రీ ఫాల్డ్స్ అనే డాక్టరు నేరస్తుల్ని వేలిముద్రలతో పట్టుకోవచ్చని 1880లోనే ఒక పత్రికకి రాశాడు గానీ వినిపించుకున్నవాడు లేడు.

అంతకంటే ముందు, 1858లో, బెంగాల్లో హుగ్లీ దగ్గర పనిచేసిన హెర్షెల్ అనే అధికారి కాంట్రాక్టు కాగితం మీద ఒకాయన చేతి ముద్ర వేయించుకున్నాడు, రేపు నేను కాదని అనకుండా ఉండటానికి. ఆఖరికి ముద్రల్ని వరుసలు కట్టి వెతుక్కునే పద్ధతితో ఆఫీసు తెరిచింది ఎక్కడనుకున్నావు? లండన్లో కాదు, కలకత్తాలో, 1897లో. ఆ లెక్కల పద్ధతి వెనక కష్టపడినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు, పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. స్కాట్లాండ్ యార్డ్ వాళ్లు 1901లో మొదలుపెట్టారు. మన రిజిస్ట్రార్ ఆఫీసులో బొటనవేలు ఇంకు ప్యాడ్‌లో ముంచే ప్రతి ముసలమ్మా హోమ్స్ కంటే ఒక అడుగు ముందున్నట్టే.

ఇంకో మాట. నవల మొదట్లో హోమ్స్ ఎగిరి గంతేసేది దేనికో గుర్తుందా, మరక రక్తమో కాదో తేల్చే మందు కనిపెట్టానని. అది డాయిల్ ఊహ. ఆ రక్తం మనిషిదా జంతువుదా అని ఖాయంగా చెప్పే పరీక్ష జర్మనీలో ఉలెన్‌హూత్ చేశాడు, అదీ 1901లోనే.

మాస్టారూ, బూడిద చూసి అది తిరుచిరాపల్లి చుట్ట అని చెప్పేశాడట, మా ఇంట్లో ఇది చదివి వినిపిస్తే మా నాయనమ్మ ఒకటే నవ్వు. ఆమె అడ్డపొగ తాగే మనిషి. నిప్పు నోట్లో ఉంటాది, ఇక బూడిద ఎక్కడ రాలతాది? ‘ఆ బాబు మా ఊరొస్తే నాను దొరకను’ అంటోంది. — గృహిణి, టెక్కలి

ఈ నెల బహుమతి అంటూ ఏదైనా ఉంటే మీ నాయనమ్మకే. హోమ్స్ చుట్టల బూడిదల మీద ఒక చిన్న పుస్తకం రాశానని గొప్పలు పోతాడు, ముదురు రంగు, పొరలు పొరలుగా ఉంటే తిరుచిరాపల్లి చుట్ట అంటాడు. శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి తాగుతారని ఆ పుస్తకంలో ఉండి ఉండదు. అడుగుకీ అడుగుకీ మధ్య దూరం చూసి ఎత్తు చెబుతాడు, గోడ మీద రాత ఎంత ఎత్తులో ఉందో చూసి మళ్లీ అదే ఎత్తు చెబుతాడు, కానీ మీ నాయనమ్మ ముందు ఖాళీ చేతులతో నిలబడాల్సిందే.

నవ్వులు సరే, ఆ అలవాటు అంగిటికి మంచిది కాదమ్మా, అంగిటి క్యాన్సర్ మన తీరంలో ఆడవాళ్లకి వస్తున్నది దీనివల్లేనని డాక్టర్లు ఎప్పట్నించో మొత్తుకుంటున్నారు. నోట్లో తెల్ల మచ్చ కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా చూపించండి. డిటెక్టివ్‌కి దొరక్కపోయినా దానికి దొరికిపోతారు.

మాస్టారూ, ఇది మోసం. నేను పెన్సిల్ పట్టుకుని ఆనవాళ్లు రాసుకుంటూ చదివాను. చివర్లో చూస్తే హోమ్స్ ఎప్పుడో అమెరికాకి టెలిగ్రామ్ కొట్టి హోప్ పేరు తెప్పించేసుకున్నాడు, మనకి చెప్పలేదు. అలా అయితే నేనూ డిటెక్టివ్‌నే. — బ్యాంకు ఉద్యోగి, బొబ్బిలి

పూర్తిగా మీ పక్షమే. క్లీవ్‌లాండ్ పోలీసులకి డ్రెబ్బర్ పెళ్లి సంగతులు అడుగుతూ టెలిగ్రామ్ ఇచ్చాడు, పాత ప్రేమ వ్యవహారంలో పోటీదారు జెఫర్సన్ హోప్ నుంచి ప్రాణభయం ఉందని డ్రెబ్బర్ ముందే రక్షణ కోరినట్టు జవాబొచ్చింది. అంటే సగం కేసు తపాలాఫీసే తేల్చింది. టెలిగ్రామ్ కొట్టినట్టు మనకి తెలుసు, ఏమడిగాడో ఏమొచ్చిందో మాత్రం ఆఖరి అధ్యాయం దాకా చెప్పడు.

కాకపోతే పాఠకుడితో పందెం వేసే డిటెక్టివ్ నవల అప్పటికి పుట్టలేదు. ఆనవాళ్లన్నీ పాఠకుడి ముందు పెట్టాలి, దాచకూడదు అనే నియమాలు 1920ల చివర్లో ఇంగ్లండ్‌లో గట్టిపడ్డాయి. మీ పెన్సిల్‌కి పని కావాలంటే అగాథా క్రిస్టీ మొదటి నవల ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’ పట్టుకోండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆవిడ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది, ఏ మందు దేంతో కలిస్తే విషం అడుక్కి దిగుతుందో అక్కడ నేర్చుకున్నది, ఆ తెలివే నవలకి ఆయువుపట్టు. 1916లో రాస్తే 1920లో గానీ అచ్చవలేదు. పోయిరో అనే డిటెక్టివ్ అందులోనే పుట్టాడు, అదీ మొదటి నవలే, కానీ అతను మాత్రం మొదటి పేజీ నుంచే మీసాలతో సహా తయారై వచ్చేశాడు. మీ బ్యాంకు బుర్రకి ఆవిడే సరి. నా బుర్రకి కాదు, నేను మూడుసార్లు చదివినా మూడుసార్లూ తప్పు మనిషినే అనుమానించాను.

ఈ నవలకి ఆయనకెంత ముట్టింది? — పేరు వద్దన్న రచయిత, విజయనగరం

25 పౌండ్లు. హక్కులన్నీ కలిపి, ఒక్కసారే. ఇద్దరు ముగ్గురు ప్రచురణకర్తలు తిప్పి పంపాక వార్డ్ లాక్ కంపెనీ తీసుకుంది, అదీ మార్కెట్లో చవక నవలలు ఎక్కువైపోయాయి కాబట్టి ఏడాది ఆగమంటూ. 1887 చివర్లో ‘బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్’ అనే ప్రత్యేక సంచికలో వేశారు. మరుసటేడు పుస్తకంగా వచ్చినప్పుడు బొమ్మలు డాయిల్ వాళ్ల నాన్నే వేశాడు. ఆ సంచిక కాపీలు ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద కొద్దిగానే మిగిలాయి, ఒక్కోటి లక్షల రూపాయలు పలుకుతుంది, ఆ లాభంలోనూ రచయితకి వాటా లేదు. మీకు కాస్త ఓదార్పుగా ఉంటుందని చెప్పాను.

కుక్క గురించి ఎవరూ మాట్లాడరేం? — ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

ఏ కుక్కమ్మా? రెండున్నాయి. ఇంటావిడ కుక్క జబ్బుతో చావడానికి సిద్ధంగా ఉంటే దాని మీద విషం మాత్ర పరీక్షించాడు హోమ్స్, మొదటి మాత్రకి ఏమీ కాకపోతే నిరాశపడ్డాడు కూడా. దానికి బాధ తప్పించమని ఇంటావిడే అంతకుముందు రోజు వాట్సన్‌ని అడిగింది, అయినా ఆ సీన్ నాకూ నచ్చదు. రెండోది వాట్సన్ కుక్క. ఇల్లు పంచుకునే ముందు నా దగ్గర బుల్‌డాగ్ పిల్ల ఉంది అని చెబుతాడు, ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో ఆ నవల్లోనూ లేదు, తర్వాత ఏ కథలోనూ లేదు. అది కుక్క కాదు, తన కోపిష్టితనానికి వాట్సన్ పెట్టిన ముద్దుపేరు అని కొందరు అర్థం చెబుతారు. నా అనుమానం, డాయిల్ మర్చిపోయాడు.

మాస్టారికి నమస్కారం. మాది ఎచ్చెర్ల దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. మా నాన్న వేట కోసం గుజరాత్ వెళ్లిపోయేవాడు, ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. మీరు దాటేయమన్న పేజీలే నేను రెండుసార్లు చదివాను. ఎడారిలో దాహంతో చచ్చిపోతున్న మనిషి, పక్కన అయిదేళ్ల పిల్ల. అటుగా వచ్చిన జనం నీళ్లిస్తాం, తీసుకుపోతాం, కానీ మా నమ్మకంలోకి రావాలి అంటారు. ఆయన ఆలోచిస్తాడా? పిల్ల నాలుక ఎండిపోతుంటే ఏ మతమైనా ఏ షరతైనా ఒప్పుకుంటాడు. ఏళ్ల తర్వాత పొలం, ఇల్లు అన్నీ అమిరాక, అప్పుడొచ్చి పిల్లని మేం చెప్పినవాడికే ఇవ్వాలి అంటారు. మా ఊళ్లో అడ్వాన్సు తీసుకుని బోటెక్కినవాళ్ల ఇళ్లల్లో ఇది రోజూ జరిగే కథే మాస్టారూ. అప్పు తీసుకున్న రోజు షరతు కనపడదు. మీరు దాటేయమన్నది హోమ్స్ లేడనేనా? — ఎచ్చెర్ల మండలం

మీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు మూడుసార్లు రాసి కొట్టేశాను.

అవును, హోమ్స్ లేడనే. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను ఈ నవల కుర్రతనంలో అద్దె పుస్తకాల షాపులో తెచ్చి చదివాను, రోజుకి పావలా. అది కుదించిన ప్రతి. అమెరికా కథ మొత్తాన్ని రెండు పేజీల్లో చుట్టేసి, మళ్లీ లండన్‌కి తెచ్చి పడేశారు. అట్ట వెనక ఎక్కడా కుదించాం అని లేదు. అసలు పుస్తకం పాతికేళ్ల తర్వాత గానీ చేతికి రాలేదు, అప్పటికి ఆ అయిదు అధ్యాయాలూ నా కళ్లకి ఎవరో అతికించిన ముక్కల్లా కనపడ్డాయి. అంటే సలహా నాది కాదు, ఆ పుస్తకం కుదించిన పెద్దమనిషిది, నేను మోసుకు తిరిగాను అంతే.

మీరు రాశాక మళ్లీ చదివాను. పిల్లని ఇవ్వడానికి గడువు ముప్ఫై రోజులు. మొదటి రోజు పొద్దున్న ఆ పిల్లని పెంచిన జాన్ ఫెరియర్ లేచేసరికి దుప్పటికి కాగితం గుచ్చి ఉంటుంది, ఇంకా 29 రోజులు అని. మర్నాడు ఇంటి కప్పు మీద 28. ఆ రాత్రి తుపాకీ పట్టుకుని నిద్ర మానేసి కూర్చుంటాడు, తెల్లారి చూస్తే తలుపు బయట 27. ఎవరు రాస్తున్నారో పట్టుకోలేడు. అంకె రోజురోజుకీ తగ్గుతుంటుంది. మొదటి భాగంలో శవం ఉంది, రక్తం ఉంది, చీకటి ఇల్లు ఉంది, అయినా నాకు భయం వెయ్యలేదు. తలుపు మీద అంకె చూస్తే వేసింది. ఎందుకంటే అక్కడ డిటెక్టివ్ లేడు, పిలిస్తే వచ్చేవాడు లేడు. హోమ్స్ వచ్చేసరికి అంతా అయిపోయి ఇరవై ఏళ్లు దాటింది, ఆయన తేల్చింది ఎవరు చంపారు అన్నది మాత్రమే. ఆ పిల్ల లూసీ, హోప్ ప్రేమించిన అమ్మాయి, ఎందుకు చచ్చిపోయింది అన్నది ఆయనకి రాని ప్రశ్న. జబ్బు గుండెతో హోప్ కోర్టుకి వెళ్లకుండానే చచ్చిపోతే, పత్రికలు ఆ ఘనత కూడా గ్రెగ్సన్, లెస్ట్రేడ్ అనే పోలీసుల ఖాతాలో వేసేశాయి.

కాబట్టి పోయిన నెల నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పేజీలు దాటేయకండి.

ఎచ్చెర్ల ఉత్తరం మీరు ముందే ఫోన్‌లో చదివి వినిపించారు కాబట్టి రాస్తున్నాను. మీరు మరీ కరిగిపోకండి. ఎడారిలో నీళ్లిచ్చిన ఆ జనం, అంటే మోర్మన్ మతస్తులందర్నీ, హంతకుల్లా చూపించడం న్యాయమా? అది ఒక జనం మీద నింద కాదా? — విశ్రాంత అధ్యాపకుడు, మహారాజా కళాశాల దగ్గర, విజయనగరం

కాదనను. మోర్మన్లు 1847లో సాల్ట్ లేక్ లోయకి చేరడం చరిత్రే, వాళ్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ నిజమైన మనిషే. అప్పట్లో వాళ్ల మగాళ్లు కొందరు ఒకరికంటే ఎక్కువమందిని పెళ్లాడటమూ నిజమే. కానీ డాయిల్ ఆ దేశం అప్పటికి చూడలేదు, ఇంగ్లండ్‌లో సౌత్‌సీ అనే ఊళ్లో రోగుల కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్న కుర్ర డాక్టరు, లండన్ పత్రికల్లో వచ్చిన భయానక కథలన్నీ నమ్మి రాసేశాడు. ఈ కారణంగానే అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఒక కౌంటీ స్కూలు బోర్డు 2011లో ఆరో తరగతి పిల్లల జాబితా లోంచి ఈ పుస్తకం తీసేసింది. ఎచ్చెర్ల పాఠకుడు చదివింది ఒక మతం గురించి కాదండీ, నీళ్లిచ్చి మెడకి తాడేసినవాళ్ల గురించి. మీరు చెప్పిందీ ఉంది, ఆయన చెప్పిందీ ఉంది, ఒకే పేజీలో. సాయంత్రం వాకింగ్‌లో కలిసినప్పుడు మిగతాది తగువాడుకుందాం.

తెలుగులో ఇలాంటి సీరీస్ లేవా? ఎప్పుడూ ఇంగ్లీషు వాళ్లేనా? — పాఠకుడు, పలాస

లేకేం, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు కోసం అద్దె షాపుల ముందు క్యూ కట్టిన తరం మాది. అయితే వాటిల్లో మొదటిదేదో తెలుసుకుని వరసగా చదివినవాణ్ణి నేనెరగను, దొరికింది దొరికినట్టు చదవడమే. బెంగాలీ వాళ్లకి ఇంకో తమాషా ఉంది, 1932 ప్రాంతంలో పుట్టిన వ్యోమకేశ్ బక్షీ కథల్లో పరిచయం చేసే కథ రాసిన వరసలో మొదటిది కాదు, ముందు వేరే కథ రాసేసి, మనిషి నచ్చాక వెనక్కెళ్లి పరిచయం రాశాడు శరదిందు బందోపాధ్యాయ. రాజాం టీచరు గారు చదివిన వరసకి ఇదో సాక్ష్యం. ఇక మీ రెండో ప్రశ్న, ఈ నవల శ్రీకాకుళం కథానిలయంలో దొరుకుతుందా అని. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని పెట్టింది తెలుగు కథల కోసం, ఇంగ్లీషు నవల కోసం అక్కడికెళ్తే అరసవల్లి వెళ్లి వెంకటేశ్వర స్వామి దర్శనం అడిగినట్టుంటుంది. డాయిల్ 1930లో పోయాడు, పుస్తకం మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

సార్, నేను కోట నుంచి రైల్వే స్టేషన్‌కి ఆటో తోలతాను. మా అబ్బాయి ఈ కథ చెప్పాడు. బండివాడే హంతకుడు అంటే నాకు కోపం రాలేదు సార్, నిజమే అనిపించింది. వెనక కూర్చున్నవాళ్లు ఫోన్‌లో ఏమేం మాట్లాడుకుంటారో మీకు తెలీదు, అక్కడ మనిషి ఉన్నాడని మర్చిపోతారు. — ఆటో డ్రైవరు, విజయనగరం

ఇంతమంది రాసిన ఉత్తరాల్లో హోప్ ఎలా దొరకకుండా తిరిగాడో సూటిగా చెప్పింది మీరే. ఊరంతా తిరగాలి, ఎవరి వెనకైనా వెళ్లాలి, ఎక్కడ ఆగినా ఎవరూ అనుమానించకూడదు, లండన్లో అలాంటి పని ఇంకేముంది? ఇంటి ముందు బురదలో చక్రాల గుర్తుల మధ్య వెడల్పు తక్కువగా ఉండటం చూసి అది సొంత బండి కాదు, అద్దె బండి అని హోమ్స్ పట్టుకున్నాడు. గుర్రం అటూ ఇటూ తిరిగిన జాడలుంటే, తోలేవాడు బండి మీద లేడు, మరెక్కడున్నాడు, లోపలే ఉన్నాడు అనుకున్నాడు. వెతకడానికి పోలీసుల్ని పంపలేదు, వీధి పిల్లల్ని పంపాడు, మనిషికో షిల్లింగు. వాళ్లనీ ఎవరూ చూడరు కదా. ఆఖరికి పెట్టె దింపడానికి సాయం పట్టవోయ్ అని బండివాణ్ణి పైకి పిలిచి, వంగినప్పుడు బేడీలు వేసేశాడు. ఎవరైనా మేడ మీదికి సామాను మొయ్యమంటే కాస్త చూసుకుని వెళ్లండి.

ఉంగరం కోసం వచ్చిన ముసలమ్మ ఎవరు? పేజీలన్నీ వెతికాను, దొరకలేదు. — ఇంటర్ విద్యార్థిని, గజపతినగరం

దొరకదమ్మా. శవం దగ్గర దొరికిన పెళ్లి ఉంగరం పేపర్లో ప్రకటిస్తే దానికోసం ఒక ముసలావిడ వచ్చింది, హోమ్స్ ఆమె బండి వెనక పట్టుకుని వేలాడుతూ వెళ్లాడు, తీరా బండి ఆగేసరికి లోపల ఎవరూ లేరు. ముసలావిడ కాదు, వేషం వేసిన కుర్రాడని అప్పుడర్థమైంది. చివర్లో హోప్‌ని అడిగారు. నా రహస్యాలు చెబుతాను గానీ నాకోసం వచ్చినవాణ్ణి ఇరికించను అన్నాడు. డెబ్భై ఏళ్లకి పైగా బతికిన హోమ్స్ సృష్టికర్త హోమ్స్ మీద ఇంకో మూడు నవలలు, 56 కథలు రాశాడు, ఆ కుర్రాడి పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు.